రెప్లికా టేపు ఒకేచోట 47, 57 అని రెండు అంకెలు చూపిస్తే ఏది రాయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ముత్తుకూరు దగ్గర వంటనూనె ట్యాంకుల పనిలో మీరు కొత్తగా పెయింటింగ్ ఇన్‌స్పెక్టరుగా చేరారు. బ్లాస్టింగ్ అయిన, అంటే గాలి ఒత్తిడితో గట్టి గింజలు కొట్టి శుభ్రం చేసిన ప్లేటు గరుకుదనం 50 నుంచి 75 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉండాలని స్పెసిఫికేషన్‌లో ఉంది. ఆ గరుకు అచ్చు తీసే రెప్లికా టేపులు రెండు జానెడు దూరంలో తీస్తే, తక్కువ గరుకుకు వాడే కోర్స్ టేపు 47 చూపించింది, ఎక్కువ గరుకుకు వాడే ఎక్స్-కోర్స్ టేపు 57 చూపించింది. కాంట్రాక్టరు 57 రాసి సంతకం పెట్టమంటున్నారు. మీ పై అధికారి 47 చూసి మళ్ళీ బ్లాస్టింగ్ చేయించమంటున్నారు. ఇది చాలదన్నట్టు ఎవరో మెషీన్ షాపు నుంచి స్టైలస్ పరికరం (సూదిని ప్లేటు మీద నడిపి గరుకు కొలిచేది) తెచ్చి అదే ప్లేటు మీద పెడితే 11 వచ్చింది. టేపు చెడిపోయిందా, టేపు మందం కొలిచే మైక్రోమీటరు చెడిపోయిందా అని అడిగారు.

ఏదీ చెడిపోలేదు. మీరు రాయాల్సిన అంకె 52.

47నీ 57నీ కూడి సగం చేస్తే వచ్చేది అదే. ఇద్దరి మధ్య రాజీ కుదర్చడానికి చెబుతున్న మాట కాదు ఇది. టేపుతో పాటు వచ్చే సూచనల కాగితంలోనే ఉంది, ఆ కాగితాన్ని డబ్బాలోంచి తీసి చదివేవాళ్ళే తక్కువ. 38 నుంచి 64 మైక్రాన్ల వరకు, అంటే ఒకటిన్నర నుంచి రెండున్నర మిల్లుల (మిల్లు అంటే అంగుళంలో వెయ్యో వంతు) వరకు, రెండు రకాల టేపులూ కొలుస్తాయి. కాకపోతే ఆ పరిధి కోర్స్ టేపుకు పై అంచు, ఎక్స్-కోర్స్ టేపుకు కింది అంచు. అంచుకు చేరేసరికి మొదటిది కాస్త తక్కువ చెబుతుంది, రెండోది కాస్త ఎక్కువ చెబుతుంది. తప్పులు ఎదురెదురు దిక్కుల్లో ఉన్నాయి కాబట్టి సగటు తీస్తే నిజానికి దగ్గరవుతాం.

వరస ఇలా పెట్టుకోండి. ముందు కోర్స్ టేపుతో తీయండి. 38 లోపు వస్తే అదే రాసేయండి. 38కీ 64కీ మధ్య వస్తే దాని పక్కనే ఎక్స్-కోర్స్ తీయండి. అదీ ఆ మధ్యలోనే ఉంటే సగటు రాయండి. ఎక్స్-కోర్స్ 64 దాటితే మొదటిదాన్ని వదిలేసి ఎక్స్-కోర్స్ అంకె ఒక్కటే రాయండి. ఈ మధ్య వస్తున్న కొన్ని డిజిటల్ గేజ్‌లు ఈ వంకరను లోపలే సరిచేసి చూపిస్తాయి. మీ చేతిలో అలాంటిది ఉంటే సగటు అవసరం లేదు, ఒక్క టేపు చాలు. సరిచేసిన అంకెనూ సరిచేయని అంకెనూ కలిపి సగటు తీయడం మాత్రం కూడదు.

52 వచ్చింది కదా అని ఆ ఒక్కచోటుతో ఊరుకోకండి. కొలతలో నాలుగైదు మైక్రాన్ల తేడా ఎప్పుడూ ఉంటుంది, మీ కింది హద్దు 50. ఆ ప్లేటు మీదే ఇంకో రెండు చోట్ల జతలు తీసి, అవీ 50 పైనే ఉంటే అప్పుడు సంతకం పెట్టండి. నేనైతే అంతే చేస్తాను.

ఇప్పుడు కారణం. మీరు రేపు మీ అధికారికి చెప్పాల్సింది ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

టేపు మధ్యలో గుండ్రటి బిళ్ళ ఉంటుంది. అది రెండు పొరలు. పైన 50 మైక్రాన్ల పాలిస్టర్ ఫిల్మ్, ఇది నొక్కితే నలగదు. దాని కింద సన్నటి గాలిగుల్లలున్న ఫోమ్, ఇది నొక్కితే నలిగిపోతుంది, మళ్ళీ పైకి లేవదు. ఆ ఫోమ్‌ను ఉక్కు మీద పెట్టి పైనుంచి రుద్దితే ప్లేటు మీది మిట్టలు ఫోమ్‌లోకి దిగుతాయి, పల్లాల్లోకి ఫోమ్ దిగుతుంది. తీసి చూస్తే మిట్ట ఉన్నచోట గుంట, గుంట ఉన్నచోట మిట్ట. కాగితాల మీద వేలిముద్ర వేయించినట్టు ఉక్కు చేత వేలిముద్ర వేయిస్తున్నామన్నమాట. ఆ ముద్ర మందాన్ని స్ప్రింగు మైక్రోమీటరుతో కొలిచి అందులోంచి ఫిల్మ్ మందం 50 తీసేస్తే మిగిలేది మిట్ట కొన నుంచి పల్లం అడుగు దాకా ఉన్న ఎత్తు.

ఫోమ్‌ను ఎంత నొక్కినా అది పూర్తిగా మాయం కాదు. మొదటి మందంలో దాదాపు నాలుగో వంతు మిగులుతుంది. ఎక్స్-కోర్స్‌లో ఫోమ్ మందం ఎక్కువ. ప్లేటు మీద పల్లాలు లోతుగా లేనప్పుడు ఆ మిగులు కూడా లెక్కలోకి వచ్చి అంకె పెరుగుతుంది. కోర్స్‌లో ఫోమ్ పలుచన. పల్లాలు లోతైనకొద్దీ అడుగుదాకా నింపడానికి దాని సరుకు చాలదు, అంకె తగ్గుతుంది. మీ 47, 57 కథ ఇంతే.

ఇక చేతి పని. నా అనుభవంలో టేపు కొలతల్లో వచ్చే తేడాలకు టేపుకన్నా చెయ్యే ఎక్కువ కారణం. కింద కాగితం ఒలిచి, బిళ్ళను ప్లేటు మీద అంటించి, గుండ్రటి కొన ఉన్న ప్లాస్టిక్ పుల్లతో రుద్దాలి. పుల్ల టేపుతో పాటే ఇస్తారు. అది పోయిందని పెన్ను మూతతో, తాళంచెవి వెనక వైపుతో రుద్దినవాళ్ళను చూశాను. ఒకాయన నాణెం అంచుతో రుద్దాడు, ఫిల్మ్ చీలిపోయింది. ఒత్తిడి గట్టిగా ఉండాలి కానీ గీరినట్టు ఉండకూడదు. అరనిమిషం నుంచి నిమిషం వరకు, బిళ్ళ నడుమ నుంచి అంచుల దాకా గుండ్రంగా తిప్పుతూ రుద్దండి.

ఎప్పుడు ఆపాలో బిళ్ళే చెబుతుంది. మొదట పాలిపోయిన తెల్లగా ఉంటుంది. రుద్దేకొద్దీ బూడిదరంగులోకి మారుతూ, కింది ప్లేటు గరుకు ఫిల్మ్ లోంచి రవ్వ అచ్చులా బయటపడుతుంది. ఎక్కడ చూసినా ఒకే బూడిదరంగు, ఒకే రవ్వ కనిపిస్తే పని అయినట్టే. ఒక పక్క తెల్లగా చంద్రవంక మిగిలి ఉంటే అక్కడ మీ పుల్ల వెళ్ళలేదని అర్థం. మైక్రోమీటరు దవడ ఆ చంద్రవంక మీద పడిందంటే అంకె అమాంతం పెరుగుతుంది. తీసిన టేపును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. మిట్టలు గుచ్చుకున్నచోట్ల ఫోమ్ బాగా నలిగి వెలుగు చుక్కలు కనిపిస్తాయి. చుక్కలు దట్టంగా, సమంగా ఉంటే ముద్ర బాగా పడిందన్నమాట. మైక్రోమీటరులో పెట్టేముందు ఈ పరీక్షకు అయిదు సెకన్లు పడుతుంది. నేను ఒక్కసారి కూడా మానలేదు.

50 తీసేయడం గురించి ఒక హెచ్చరిక. ఇది నా సొంత తప్పు, కాబట్టి దాచకుండా చెబుతాను.

ఉద్యోగంలో మొదటి ఏడాది. కృష్ణపట్నం వైపు ఒక పైపుల పని, కంపెనీ పేరు అనవసరం. రాత్రి షిఫ్టు ఇన్‌స్పెక్టరు వెళ్ళిపోతూ మైక్రోమీటరు నాకు అప్పగించాడు. పొద్దున్నే టేపు తీసి కొలిస్తే సూది 62 దగ్గర ఆగింది. బడిలో నేర్చుకున్న తీసివేత కదా, 50 తీసేశాను. 12. పన్నెండు మైక్రాన్లంటే బ్లాస్టింగ్ చేసినట్టా, చెయ్యనట్టా? పని ఆపించాను. బ్లాస్టింగ్ చేసింది కావలి దగ్గరి పల్లెకు చెందిన పెద్దాయన, నా తండ్రి వయసువాడు. ఆయన ప్లేటు మీద గోరు ఆనించి చూసి, "సార్, ఇది గోరును పట్టుకుంటోంది, పన్నెండు కాదు సార్" అన్నాడు. నేను వినలేదు. పైపు మొత్తం మళ్ళీ బ్లాస్టింగ్ చేయించాను. మళ్ళీ టేపు తీశాను. మళ్ళీ 62 దగ్గరే ఆగింది సూది.

సంగతేమిటంటే రాత్రి ఇన్‌స్పెక్టరు డయల్‌ను ముందే మైనస్ 50కి తిప్పి పెట్టుకున్నాడు. అలా పెట్టుకుంటే తీసివేత లేకుండా నేరుగా అంకె చదువుకోవచ్చు, చాలామంది చేస్తారు, మంచి పద్ధతే. నేను తీసేసిన 50 రెండోసారి తీసేసినది. సాయంత్రం ఆ పెద్దాయన దగ్గరికి వెళ్ళి తప్పు నాదని చెప్పాను. ఆయన నవ్వి, "పోనీలే బాబూ, పైపు శుభ్రమైంది" అన్నాడు. సార్ నుంచి బాబుకు దిగాను. అది నాకు తగిన హోదానే.

అప్పటి నుంచి నా పద్ధతి ఒక్కటే. టేపు పెట్టేముందు దవడల మధ్య శుభ్రమైన తెల్ల కాగితం పెట్టి లాగి, దుమ్ము తుడిచి, ఖాళీ దవడలు మూసి సూది ఎక్కడ ఆగిందో చూస్తాను. సున్నా దగ్గరా, మైనస్ 50 దగ్గరా? అది రిపోర్టులో రాస్తాను. ఆ తర్వాతే టేపు. డిజిటల్ గేజ్ వాడుతుంటే అది తనంతట తానే 50 తీసేస్తోందో లేదో సెట్టింగులో చూసుకోండి. పక్క షిఫ్టువాళ్ళ చేతిలోంచి తీసుకున్న పరికరాన్ని అయితే మరీ జాగ్రత్తగా చూడాలి.

ఇంకో సంగతి ఆ రోజే తెలిసింది. బాగా బ్లాస్టింగ్ అయిన ప్లేటును అదే గ్రిట్‌తో, అంటే అవే గింజలతో, అదే ఒత్తిడితో మళ్ళీ కొడితే గరుకు పెద్దగా పెరగదు. గరుకును నిర్ణయించేది గింజ సైజు, గింజ గట్టిదనం, నాజిల్ దగ్గర గాలి ఒత్తిడి. ఎంతసేపు కొట్టామన్నది కాదు. మీ అధికారి మాట విని మీరు మళ్ళీ కొట్టించినా అంకె మహా అయితే రెండు మూడు కదిలేది. నిజంగానే గరుకు తక్కువై ఉంటే ముందు గ్రిట్ తొట్టి చూడండి. స్టీల్ గ్రిట్‌ను తిరిగి తిరిగి వాడుతుంటారు, గింజలు పగిలి సన్నబడిపోతాయి, కొత్త గింజ కలపకపోతే గరుకు రోజురోజుకూ పడిపోతుంది. ఆ తర్వాత నాజిల్ చూడండి. నాజిల్ లోపల అరిగి బొక్క పెద్దదైతే కంప్రెసరు అంత గాలి ఇవ్వలేదు, ఒత్తిడి పడిపోతుంది. కంప్రెసరు దగ్గరి మీటరు 7 బార్లు చూపిస్తున్నా, నాలుగు గొట్టాలు కలిపి ట్యాంకు పైకి తీసుకెళ్ళాక నాజిల్ దగ్గర అంత మిగలదు. సూది గేజ్‌ను నాజిల్ వెనక గొట్టంలోకి గుచ్చి చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు ఆ 11 సంగతి. అది వేరే కొలత, మన అంకెతో పోల్చకూడదు. మెషీన్ షాపులో వాడే స్టైలస్ పరికరం మామూలుగా చూపించేది ఆర్ఏ. అది మధ్య గీత నుంచి మిట్టలూ పల్లాలూ సగటున ఎంత దూరం వెళ్ళాయో చెబుతుంది. టేపు చెప్పేది మిట్ట కొన నుంచి పల్లం అడుగు దాకా. చెరువులో నీళ్ళు సగటున ఎంత లోతని అడగడం ఒకటి, కట్ట మీద నుంచి అడుగు దాకా ఎంతని అడగడం మరొకటి. బ్లాస్టింగ్ చేసిన ఉక్కు మీద ఆర్ఏ అంకె మన అంకెలో నాలుగో వంతు నుంచి ఆరో వంతు దాకా ఉండటం మామూలే. మీ 52కు 11 సరిగ్గా సరిపోతోంది. ఆ పరికరంలోనే ఆర్‌జడ్ అనే మీట ఉంటుంది, అది నొక్కి చూస్తే మన అంకెకు దగ్గరగా వస్తుంది. ఎవరైనా డ్రాయింగులో ఒట్టిగా "గరుకుదనం 60" అని రాసి ఏ కొలతో చెప్పకపోతే పని మొదలుకాకముందే ఉత్తరం రాసి అడగండి.

ఒకసారి చీమకుర్తి నుంచి ఒక గ్రానైట్ వ్యాపారి నన్ను ఇదే టేపుతో తన పలకల నునుపు కొలిచి పెట్టమన్నాడు. గెలాక్సీ గ్రానైట్ పలక, ముఖం చూసుకోవచ్చు. టేపు అక్కడ పనికిరాదు. మామూలు కోర్స్ టేపు పనిచేసేది 20 మైక్రాన్ల నుంచే. వాళ్ళ వృత్తి అంతా గరుకు చంపడం, మన వృత్తి అంతా గరుకు పుట్టించడం. అద్దంలాంటి ఉక్కు మీద ఎపాక్సీ వేస్తే అప్పడంలా లేచిపోతుంది. అలాగని ఎక్కువ గరుకూ మంచిది కాదు. మిట్టలు మరీ పొడుగైతే ప్రైమర్ అనే మొదటి పెయింటు పొరలోంచి తలలు బయటపెడతాయి, వారం తిరిగేసరికి సూదిమొనలంత తుప్పు చుక్కలు ప్లేటంతా కనిపిస్తాయి. పైగా పల్లాలు పెయింటు తాగుతాయి. 19840 నంబరు ఐఎస్ఓ ప్రమాణంలో, నునుపు ప్లేటు మీద సున్నా చేసిన మీటరుతో పెయింటు మందం కొలిస్తే మధ్యరకం గరుకుకు 25 మైక్రాన్లు తీసేయమని ఉన్నది ఇందుకే. మీ కాంట్రాక్టరుకు పెయింటు ఎందుకు ఎక్కువ ఖర్చవుతోందో కూడా ఇందులోనే తెలుస్తుంది.

దుమ్ము విషయం. టేపు జిగురుగా ఉంటుంది, దేన్నయినా పట్టుకుంటుంది. పంటపాళెం వైపు ఒక ట్యాంకు లోపల నాకు ఒకసారి వరసగా 88, 91, 85 వచ్చాయి, హద్దు 75. బ్లాస్టరును నిలదీయబోయి ఎందుకో టేపు తిప్పి చూశాను. ఫోమ్ నిండా ఆవాలు చల్లినట్టు నల్ల నలకలు. ట్యాంకు లోపల గాలి ఆడదు, కొట్టిన గ్రిట్ పొడి గోడల మీదే కూర్చుంటుంది. నూనె, తేమ లేని గాలితో ఊది, బ్రష్షుతో తుడిచి, వాక్యూం పెట్టి మళ్ళీ తీస్తే 66, 69, 64. నలక ఒక్కటి దవడ కింద పడితే చాలు, మీ కొలత పాడు. దుమ్ము కనిపించిన టేపును పారేయండి, దాని అంకెను రాయకండి. అయితే ఒక ఉపకారం ఉంది. టేపు మీద అంత దుమ్ము వచ్చిందంటే ప్లేటు పెయింటుకు సిద్ధంగా లేదని తెలిసినట్టే. వాడిన బిళ్ళను రెండోసారి వాడటం గురించి చెప్పనక్కర్లేదు, నలిగిన ఫోమ్ మళ్ళీ లేవదు.

ఎండ. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి ట్యాంకు పైకప్పు మీద చెయ్యి పెట్టి చూడండి, పెట్టలేరు. అంత వేడి ఉక్కు మీద టేపు తీయకండి, జిగురు కరిగి ఫోమ్ మెత్తబడుతుంది. అరచెయ్యి ఆనించి నింపాదిగా అయిదు లెక్కపెట్టగలిగితేనే టేపు తీస్తాను. టేపు చుట్టను జీపు డాష్‌బోర్డు మీద వదిలేయడమూ అంతే చేటు. మరి పొద్దున్నే తీద్దామంటే సముద్రం పక్కన ఇంకో చిక్కు. తెల్లవారుజామున ఉక్కు మీద మంచు పడుతుంది, ఆ తడి మీద టేపు అంటదు. ఉక్కు వేడి, గాలి మంచు బిందువు (గాలిలోని తేమ నీరుగా మారే వేడి) కన్నా కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలన్న నియమం పెయింటుకే కాదు, మనకూ పనికొస్తుంది. మా దగ్గర వేసవిలో ఎనిమిది నుంచి పదిన్నర దాకా మంచి సమయం. ఈశాన్య రుతుపవనాల కాలంలో అయితే ఆకాశం దయ.

ఎక్కడ తీయాలి అన్నది మీరు అడగలేదు, అయినా చెబుతాను. కొత్తవాళ్ళందరూ నడుము ఎత్తులో, నిలబడి చెయ్యి చాచినచోట తీస్తారు. బ్లాస్టరు కూడా అక్కడే హాయిగా కొడతాడు, అక్కడ గరుకు ఎప్పుడూ బాగానే ఉంటుంది. స్టిఫ్‌నరు (ప్లేటుకు బలానికి అతికిన పట్టీ) వెనక, ప్లేటు కింది అంచున, నిచ్చెన కాళ్ళ దగ్గర, షిఫ్టు చివరి అరగంటలో కొట్టినచోట తీయండి. ఎస్ఎస్‌పీసీ పీఏ 17 అనే ప్రమాణం, బ్లాస్టింగ్ పరికరం ఒక్కోదానికి షిఫ్టుకు కనీసం 3 చోట్ల, 15 సెంటీమీటర్ల చదరంలో చూడమంటుంది. నేను ఆ మూడింట్లో ఒకటి తప్పకుండా మోకాళ్ళ మీద కూర్చుంటే తప్ప అందని చోట ఎంచుకుంటాను. వెల్డింగ్ గీత మీద, పాత తుప్పు గుంటల మీద తీయకండి. గుంట లోతు గరుకులోకి కలిసిపోయి అంకె అర్థం లేనిదవుతుంది. వంపు తిరిగిన పైపు మీద మాత్రం నిశ్చింతగా తీయవచ్చు. అక్కడ సూదితో లోతు చూసే మైక్రోమీటరు కుదురుగా నిలవదు, టేపు నిలుస్తుంది.

ఆ సూది మైక్రోమీటరు ఎవరైనా తెచ్చి పక్కన పెడితే మరో తగాదా. ఏఎస్‌టీఎం డీ4417 అనే ప్రమాణంలో అది బీ పద్ధతి, మన టేపు సీ పద్ధతి. బీలో ఒక్కోచోట పది కొలతలు తీసి అందులో పెద్దది రాస్తారు, మనం సగటు రాస్తాం. రెండూ ఒకేలా రావాలన్న పట్టింపు వద్దు. స్పెసిఫికేషన్‌లో ఏ పద్ధతి ఉంటే అదే చెల్లుతుంది. ఐఎస్ఓ ప్రకారం పని అయితే టేపు పద్ధతి 8503లో అయిదో భాగం.

టేపు చెప్పనివి కూడా ఉన్నాయి. ప్లేటు శుభ్రమా కాదా, ఎస్ఏ రెండున్నర అనే శుభ్రత స్థాయి వచ్చిందా లేదా అన్నది కంటితో చూడాల్సిందే. ఉప్పు సంగతి టేపుకు అసలే తెలియదు. కృష్ణపట్నం గాలిలో ఉప్పు ఎంత ఉందో అక్కడ బట్టలు ఆరేసుకునేవాళ్ళకు తెలుసు. అక్కడ నెలల తరబడి ఆరుబయట పడి ఉన్న ప్లేటుకు ఉప్పు కొలిచే బ్రెస్లే పరీక్ష చేయకుండా నేను పెయింటుకు ఒప్పుకోను. మిట్టల ఎత్తే తప్ప అవి పదునుగా ఉన్నాయో మొద్దుగా ఉన్నాయో మైక్రోమీటరు చెప్పదు. గుండ్రటి షాట్‌తో కొట్టినా 60 రావచ్చు, కోణాలున్న గ్రిట్‌తో కొట్టినా 60 రావచ్చు. వేలు ఆనిస్తే తేడా తెలుస్తుంది, షాట్ ముద్ర చిన్న చిన్న గిన్నెల్లా ఉంటుంది, గ్రిట్ ముద్ర గీరుతుంది. ట్యాంకు లోపలి లైనింగ్‌కు నేను గ్రిట్ గానీ గార్నెట్ గానీ అడుగుతాను, ఒట్టి షాట్‌కు ఒప్పుకోను.

ఇసుక గురించి ఒక్క మాట, మీరు అడగకపోయినా. గూడూరు వైపు సిలికా ఇసుక చవకగా దొరుకుతుంది, పెన్నా ఇసుక ఉండనే ఉంది, గరుకు వస్తే చాలు కదా అని ఎవరైనా సలహా ఇస్తే సంతకం పెట్టకండి. టేపు మీద అంకె బాగానే వస్తుంది. ఆ పొడి పీల్చినవాడి ఊపిరితిత్తులు మాత్రం బాగుపడవు, సిలికోసిస్‌కు మందు లేదు. ఈ ఒక్క విషయంలో నేను కాంట్రాక్టరుతోనే కాదు, మా కంపెనీతో కూడా గట్టిగా మాట్లాడాను.

రిపోర్టు ఇలా రాయండి. రెండు టేపులూ పక్కపక్కన అంటించి, ఒకదాని కింద "కోర్స్ 47", ఇంకోదాని కింద "ఎక్స్-కోర్స్ 57", పక్కన "సగటు 52" అని రాయండి. తేదీ, సమయం, ప్లేటు నంబరు, ఉక్కు వేడి, ఖాళీ దవడల దగ్గర సూది ఎక్కడుందో కూడా. మాట కన్నా ముద్ర గట్టిది, అధికారికి అనుమానం వస్తే ఆయనే ఆ టేపును మళ్ళీ కొలుచుకోవచ్చు. ఫైలు మీద బరువు పెట్టకండి, ఫోమ్ ఇంకా నలుగుతుంది. బిళ్ళ మీద పెన్నుతో రాయకండి, పక్కనున్న కాగితం మీద రాయండి.

కాంట్రాక్టరుకు ఈ కాగితం పొద్దున్నే చూపించండి. ఇద్దరూ ఎవరి అంకె పట్టుకుని వాళ్ళు వాదించుకుంటూ కూర్చుంటే మధ్యాహ్నం మూడింటికి సముద్రపు గాలి తిరుగుతుంది, బ్లాస్టింగ్ అయిన ప్లేటు సాయంత్రానికి తుప్పు పట్టి పసుపు రాసినట్టు మారుతుంది. అప్పుడు 47 అయినా 57 అయినా మళ్ళీ కొట్టాల్సిందే.